దాపటి తెర, వలపటి తెర

ప్రభుత్వానికి సాధ్యం కానిది ఈ భూమ్మీద ఏదీ లేదు. ఏరు ఎటు పారాలో అది నిర్ణయిస్తుంది, జిల్లా ఎక్కడ తెగాలో నిర్ణయిస్తుంది, చచ్చినవాడు ఏ తారీఖు నుంచి చచ్చినట్టో కూడా అదే ముద్ర వేసి చెబుతుంది. ఒక్క విషయం మాత్రం దాని చేతుల్లో లేదని గుండ్లకుంట మండలాఫీసులో ఆధారాలతో సహా రుజువైంది. రెండు తెరలున్న కంప్యూటర్లో ఏ యాప్ ఏ తెర మీద తెరుచుకోవాలో ఆజ్ఞాపించే అధికారం మానవమాత్రులెవరికీ లేదు.

గుండ్లకుంట అంటే కోస్గి నుంచి మహబూబ్‌నగర్ పోయే బస్సు, డ్రైవరు దయతలిస్తే ఆగే ఊరు. ఆ మండలాఫీసులో హసీనా పదకొండేళ్లుగా కంప్యూటర్ ఆపరేటరు. ఈ పదకొండేళ్లలో ఏడుగురు తహసీల్దార్లు మారారు, నాలుగు కుర్చీలు విరిగాయి, గోడకు మూడుసార్లు సున్నం వేశారు. హసీనా మాత్రం తాత్కాలిక ఉద్యోగిగానే ఉంది.

ఆమె బల్ల మీద మొదట్నుంచీ ఒకటే తెర. రైతు వచ్చి తన భూమి లెక్క చూడాలంటే హసీనా ఆ తెరను చేత్తో అటు తిప్పేది. రైతు చూసేవాడు, తల ఊపేవాడు. హసీనా మళ్లీ ఇటు తిప్పుకునేది. ఈ పద్ధతికి పైసా ఖర్చు లేకపోవడంతో దాన్ని పథకం అనడానికి వీల్లేకపోయింది.

ఆ లోటు తీర్చడానికే 'పారదర్శక తెర' పథకం వచ్చింది. ఒక తెర ఆపరేటరు ముందు, రెండో తెర ప్రజల ముందు. ఆపరేటరు చేసే పనంతా ప్రజలు కళ్లారా చూడాలి. తహసీల్దారు కొబ్బరికాయ కొట్టాడు. (నీళ్లు కీబోర్డు మీద పడ్డాయి. అప్పట్నుంచి 'ఎ' అక్షరం రెండుసార్లు నొక్కితే ఒకసారి వస్తుంది.) రెండో తెరను ఎవరూ తిప్పకుండా ఇనుప పట్టీతో, నాలుగు బోల్టులతో బల్లకు బిగించారు. దాని వీపున 'ప్రజా తెర' అని చీటీ అంటించారు. అది ప్రజల వైపే చూస్తున్నట్టు రోజూ పదిన్నరకు ఫొటో తీసి పైకి పంపాలని అటెండరు రాములుకు అప్పజెప్పారు. ఆపరేటరు కుర్చీ వదిలి పోకుండా మొదటి తెర నెత్తిన ఒక కెమెరా పెట్టారు. పది నిమిషాలకోసారి అందులో హసీనా ముఖం కనబడాలి. కనబడకపోతే ఆ పూట ఆమె రానట్టే లెక్క.

అన్నీ పెట్టాక కంప్యూటర్ వేశారు. భూముల లెక్కలు చూపే 'భూదర్పణం' యాప్ మీద హసీనా నొక్కింది. యాప్ తెరుచుకుంది. రెండో తెర మీద.

హసీనా ముందున్న తెర మీద గడ్డిమైదానం బొమ్మ, దాని మీద నీలాకాశం, ఆకాశంలో నాలుగు మబ్బులు.

ఇటువంటి జబ్బుకు మందు ఆమెకు తెలియక కాదు. ఆ యాప్ కిటికీని ఎలకతో, అంటే మౌసుతో, పట్టుకుని ఇటు తెర మీదికి లాగి, ఇక్కడే మూసేస్తే, మళ్లీ తెరిచినప్పుడు ఇక్కడే తెరుచుకుంటుంది. ఆరో తరగతి చదివే ఆమె కూతురు సబాకు కూడా తెలిసిన సంగతే. హసీనా లాగింది. కిటికీ తెర అంచు దాకా వచ్చి, అక్కడ మొరాయించింది. తీరా చూస్తే మార్గదర్శకాల్లో ఏడో అంశం ఉంది: 'ప్రజల ముందున్న సమాచారాన్ని ఆపరేటరు తన వైపు లాక్కొనుట పారదర్శకతకు విరుద్ధము గనుక ఆ సౌకర్యము తొలగించడమైనది.'

జిల్లా ద్వితెర సమన్వయాధికారి అనే పదవి కొత్తగా పుట్టింది. అందులో నవీన్ అనే యువకుడు కూర్చున్నాడు. హసీనా ఫోన్ చేసింది.

"సార్, యాప్ అవతలి తెర మీద తెరుసుకుంటాంది."

"తెరుచుకుంటోంది కదా మేడమ్?"

"తెరుసుకుంటాంది సార్. కానీ నాకు కనబడ్తలేదు."

"ప్రజలకు కనబడుతోందా?"

"మంచిగ కనబడ్తాంది."

"పథకం పేరేంటి మేడమ్?"

"పారదర్శక తెర సార్."

"మరి?"

హసీనా ఫోన్ పెట్టేలోపే సెల్లు టింగుమంది. 'మీ సమస్య పరిష్కరించబడినది. సేవకు ఎన్ని చుక్కలిస్తారు?' చుక్కలిచ్చే పేజీ కూడా రెండో తెర మీదే తెరుచుకుంది. వరుసలో ముందున్న ముసలాయన ఆ చుక్కలు చూసి, "మంచిగ మెరుస్తున్నయి బిడ్డా, ఐదు ఉన్నయి," అన్నాడు.

కొన్నాళ్లకే ఆఫీసు గుట్టంతా ఆ తెర మీద ఆరేసినట్టయింది. ఒకనాడు తహసీల్దారు తన బదిలీ దరఖాస్తు టైపు చేయమని హసీనాకు చిన్న గొంతుతో చెప్పాడు. చెప్పడం చిన్నగానే చెప్పాడు గానీ, ఉత్తరం మాత్రం రెండో తెర మీద, అందరికీ కనబడేంత పెద్దగా తెరుచుకుంది. వరుసలో నలభై మంది ఉన్నారు. చదువొచ్చినవాళ్లు చదివారు, రానివాళ్లకు వినిపించారు.

"సారూ," అన్నాడొకాయన కిటికీలోంచి తల పెట్టి, "నార్కట్‌పల్లి దిక్కు ఎందుకు అడుగుతున్నరు? ఆడ లారీల సప్పుడుకు నిద్ర పట్టదు. కోస్గి అడుగుండ్రి. పిల్లల బడి గూడ దగ్గరుంటది."

తహసీల్దారు కాసేపు ఆలోచించి, కోస్గి అని మార్పించాడు. పథకం వల్ల ప్రజలకు, పాలనకు మధ్య దూరం తగ్గిందని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం లేదు.

కానీ పని? పని జరగాలి గదా. ఎలక హసీనా చేతిలో ఉంది, బాణం గుర్తు జనం ముందు తిరుగుతోంది. ఆమె లేచి అటు పోతే కెమెరాలో ముఖం ఉండదు. తెర ఇటు తిప్పుదామంటే బోల్టులు. మెడ చాచి చూద్దామంటే కనబడేది 'ప్రజా తెర' అన్న చీటీ ఒక్కటే.

దారి చూపినవాడు కురుమయ్య. తన భూమి లెక్క రాసుండే పహాణీ నకలు కోసం వచ్చిన రైతు. హసీనా గుడ్డిగా ఎలకను తిప్పుతుంటే కాసేపు చూసి, చూడలేక నోరు తెరిచాడు.

"అమ్మా, జర దాపటికి గుంజు."

"దాపటికా? గదేంది?"

"అయ్యో! నాగలికి ఎడమ దిక్కు కట్టేది దాపటెద్దు, కుడి దిక్కు కట్టేది వలపటెద్దు. గీ బాణం గుర్తు గూడ గొడ్డు లెక్కనే ఉన్నది, చెప్పినట్టు ఇంటలేదు. దాపటికి... దాపటికి... ఓ ఓ! ఆగు. గిప్పుడు కిందికి. మెల్లగ. గంత ఉరుకుతె ఎట్ల? ఆఁ, గీడనే. ఒత్తు!"

హసీనా ఒత్తింది. పహాణీ అచ్చయి బయటికొచ్చింది. కురుమయ్య కాగితం మడిచి రుమాల్లో పెట్టుకుంటూ, "మా దాపటెద్దు కంటె నీ ఎలక నయం," అని మెచ్చుకుని పోయాడు.

హసీనా బాపు షరీఫ్ కోస్గిలో దర్జీ. ఇంట్లో కుట్టు మిషను తప్ప ఎద్దు లేదు. అయినా పదిహేను రోజుల్లో ఆమెకు దాపట, వలపట చేతివేళ్లకు ఎక్కాయి. వరుసలో ఎవరి వంతు వస్తే వాళ్లే తోలేవాళ్లు. కొందరు నెమ్మదిగా తోలేవాళ్లు, కొందరు అదిలించేవాళ్లు. ఒకామె బాణం గుర్తును "ఛల్, నీ కాళ్లిరగ" అని కూడా తిట్టింది. అయితేనేం, రోజుకు ముప్పై పనులు అయ్యేవి. మునుపు ఒక తెర ఉన్నప్పుడు నలభై అయ్యేవి. (ఆ పోలిక పెట్టకూడదని నివేదిక నమూనాలోనే రాసి ఉంది.)

ఇంతటి పని జరుగుతోందని తెలిసి నవీన్ స్వయంగా తనిఖీకి వచ్చాడు. అరగంట నిలబడి చూశాడు. ఆయనకు ముచ్చటేసింది. ముచ్చటేసిన అధికారి ఊరికే పోడు, ఉత్తర్వు ఇచ్చి పోతాడు. తెర తోలడంలో పశువుల పరిభాష వాడుట కార్యాలయ గౌరవానికి భంగకరం కాబట్టి, ఇకమీదట 'కుడి', 'ఎడమ' అనే మాటలే వాడాలన్నాడు. కుడి అంటే ఎవరి కుడి అని హసీనా అడిగింది. ఆపరేటరూ దరఖాస్తుదారూ ఎదురెదురుగా కూర్చుంటారు గదా.

మంచి ప్రశ్న అన్నాడు నవీన్. వారం తర్వాత వివరణ వచ్చింది: 'ఎడమ అనగా, జిల్లా కేంద్రం వైపు ముఖం పెట్టి నిలబడిన వ్యక్తి యొక్క ఎడమ.'

సరిగ్గా ఆ కాగితం వచ్చిన నాడే గుర్వమ్మ మొదటిసారి వచ్చింది.

గుర్వమ్మది పక్క ఊరు, కురుమయ్య చేను పక్కనే ఆమె చేను. రెండెకరాలు. పెనిమిటి సాయిలు బోరు వేయించి, కరెంటుకు దరఖాస్తు పెట్టి, స్తంభాలు చేను గట్టు దాకా వచ్చిన వారానికి గుండె ఆగి పోయాడు. స్తంభాలు గట్టు మీదే పడుకుని ఉన్నాయి. కరెంటాఫీసు వాళ్లు మర్యాదగా ఒకటే మాట చెప్పారు: భూమి చనిపోయినాయన పేరు మీద ఉంటే తీగె గుంజేది లేదు, విరాసత్ చేయించుకుని, అంటే వారసురాలిగా పేరు మార్పించుకుని రమ్మన్నారు. చేనులో యాసంగి పల్లి ఉంది. అప్పటిదాకా కురుమయ్య తన బోరు నీళ్లు పైపు వేసి ఇస్తున్నాడు. "వదినె, మాఘమాసం దాటేదాక ఇస్త," అన్నాడు. "ఆ తర్వాత నా వరికే సాలయి. తప్పు పట్టకు."

పల్లి ఊడలు దిగే కాలం. అప్పుడు నీళ్లు లేకపోతే ఆకులు పచ్చగానే ఉంటాయి, పీకి చూస్తే కింద కాయ ఉండదు.

విరాసత్‌కు యాప్‌లో సమయం తీసుకోవాలి. దాన్ని స్లాటు అంటారు. ఒక్కో స్లాటు పదిహేను నిమిషాలు. పదిహేను నిమిషాల్లో కాకపోతే మళ్లీ మూడు వారాలు.

ఆ మొదటి స్లాటులో గుర్వమ్మ తెర ముందు కూర్చుంది. చదువు రాదు గానీ చూపు కత్తి. "దాపటికి" అనబోతే హసీనా చెయ్యెత్తి ఆపింది.

"అవ్వా, ఇయ్యాల నుంచి గట్ల అనొద్దట. మహబూబ్‌నగర్ దిక్కు మొఖం పెట్టి ఎడమ, కుడి అనాల్నట."

"మహబూబ్‌నగర్ ఎటు దిక్కు ఉన్నది?"

రాములు బీరువా వైపు చూపించాడు. గుర్వమ్మ బీరువా వైపు తిరిగింది. హసీనా కూడా బీరువా వైపు తిరిగింది. ఇద్దరూ ఉత్తర్వు ప్రకారం నిఖార్సుగా మహబూబ్‌నగర్‌నే చూస్తూ ఉండటంతో తెరను చూడటానికి ఎవరూ మిగల్లేదు. పదిహేను నిమిషాలు గడిచాయి. కెమెరాలో ముఖానికి బదులు చెవి పడిందని హసీనాకు ఆ పూట గైర్‌హాజరు కూడా పడింది.

మూడు వారాల తర్వాత గుర్వమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి బల్ల మీద రెండో తెర లేదు. బోల్టుల బొక్కలు నాలుగు ఉన్నాయి. ఉత్తమ పారదర్శక తెరగా ఎంపికై అది మహబూబ్‌నగర్‌లో జరిగే ప్రదర్శనకు పోయింది. దాని తీగె మాత్రం కంప్యూటర్‌కు ఉంది. తెర కూడా ఉందనే కంప్యూటర్ నమ్మకం. హసీనా యాప్ మీద నొక్కింది. యాప్ తెరుచుకున్నట్టు కింద చిన్న గీత వెలిగింది. పైన మాత్రం గడ్డిమైదానం, నాలుగు మబ్బులు.

"తెరుసుకున్నదా బిడ్డా?" అంది గుర్వమ్మ.

హసీనాకు అబద్ధం చెప్పడం ఇష్టం లేదు. "తెరుసుకున్నది అవ్వా. కానీ లేని తెర మీద తెరుసుకున్నది. ఆ తెర మహబూబ్‌నగర్‌ల ఉన్నది."

గుర్వమ్మ కొంగు దులుపుకుని లేచింది. ఎక్కడికి పోతోందో చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఆఫీసు తెరవకముందే మెట్ల మీద కూర్చుని ఉంది.

"పోయొచ్చిన బిడ్డా."

"ఏడికవ్వా?"

"మహబూబ్‌నగర్‌కే. పెద్ద మైదానంల టెంటేసిండ్రు. మన తెరకు బంతిపూల దండ ఏసి పెట్టిండ్రు. నేను గుర్తు పట్టిన. మూల మీద నా బొటనేలి మచ్చ ఉంటది గదా, మొన్న పట్టుకున్నప్పుడు పడ్డది. ఆడ వర్షిత అని ఒక పిల్ల నిలబడ్డది. మా చేను ఇండ్ల తెరుసుకున్నదట బిడ్డా, జర సూపియ్యి అన్న. 'అమ్మా, గిది ప్రదర్శన కోసం పెట్టిండ్రు, చూసెటందుకు కాదు' అన్నది."

"మరి ఏం కనబడ్డది అవ్వా?"

"ఏదో దేశంల గోధుమ చేను. మస్తు నీళ్లు పారుతున్నయి."

హసీనా నవ్వాలో వద్దో తెలియక ముఖం మొదటి తెర వైపు తిప్పింది. కెమెరా ఆ ముఖాన్ని హాజరు కింద రాసుకుంది.

తెర బహుమతితో తిరిగొచ్చింది. బహుమతి ఒక ప్రశంసాపత్రం, దానితోపాటు మూడో తెర. రెండు తెరలతో ఇంత బాగా పనిచేసిన ఆఫీసు మూడు తెరలతో ఎంత బాగా పనిచేస్తుందోనని పైవాళ్ల ఆశ. అది మామూలు తెర కాదు, మంచమంత ఉంది. అట్టపెట్టెలోనే గోడకు మేకులు కొట్టి నిలబెట్టారు. అతిథి వచ్చి ప్రారంభించేదాకా పెట్టె విప్పకూడదు కాబట్టి దాని నడుముకు ఎర్ర రిబ్బన్ చుట్టారు. అమర్చిన కాంట్రాక్టరుకు 'తెర వెలుగుతున్నది' అని సర్టిఫికెట్ కావాలి కాబట్టి పెట్టెకు పక్కన బొక్క పెట్టి, తీగె లోపలికి దూర్చి, వెలిగించారు. పెట్టె లోపల తెర చక్కగా వెలుగుతోందని బొక్కలోంచి చూసి తహసీల్దారు సంతకం పెట్టాడు. అతిథి తేదీ ఇంకా ఖాయం కాలేదు.

గుర్వమ్మ మూడో స్లాటు మాఘమాసం చివరి వారంలో పడింది. కురుమయ్య తోడొచ్చాడు. గుర్వమ్మ చేతిసంచిలో పాసుబుక్కు, సాయిలు మరణ పత్రం, కమ్మరి దగ్గర కక్కు కొట్టించి పదును పెట్టించుకుని తెచ్చిన కొడవలి ఉన్నాయి.

"వదినెకు ఇంక నాలుగు దినాలే నీళ్లియ్యగల్గుత," అన్నాడు కురుమయ్య హసీనాతో, ఆమెనేదో బతిమాలుతున్నట్టు. "ఇయ్యాల ఎట్లన్న కానియ్యమ్మా."

హసీనా నవీన్ వివరణ కాగితాన్ని సొరుగులో పెట్టి, సొరుగు మూసింది. పదకొండేళ్ల ఉద్యోగంలో ఆమె చేసిన మొదటి తిరుగుబాటు అదే. చప్పుడు కూడా పెద్దగా రాలేదు.

"అవ్వా, నీ ఇష్టమొచ్చినట్టు తోలు."

గుర్వమ్మ ముందుకు వంగింది. స్లాటు మొదలైంది. తెర మూలన పదిహేను నిమిషాల గడియారం తిరగసాగింది.

"వలపటికి పోనీ బిడ్డా... పోనీ... ఓ ఓ. గిప్పుడు మీదికి. ఆఁ. ఒత్తు. ఏదో పటం వచ్చింది. అన్నీ గీతలే."

"గవి చేన్లు అవ్వా. నీ చేను ఎక్కడున్నదో నువ్వే చూడాలె. నంబర్లు చదువుతవా కురుమయ్యా?"

"నా అద్దాలు ఇంట్ల ఉండిపాయె."

"నంబర్లు ఎందుకయ్యా," అంది గుర్వమ్మ. "నలభై ఏండ్లు తిరిగిన గట్లు నాకు ఎరుక లేవా? అగో, వాగు. వాగు మీద వంకర. ఆ వంకరకు ఆనుకోని ఎద్దు మూపురం లెక్క ఉబ్బి ఉన్నది సూడు, గదే మాది. దాపటికి బిడ్డా. ఇంక జర దాపటికి. అరె, కురుమయ్య చేన్ల పడ్డవు, బయటికి రా!"

"పడనియ్యి వదినె, నాదేం అరిగిపోతదా," అన్నాడు కురుమయ్య. బాణం తన చేను దాటేదాకా మాత్రం ఊపిరి బిగబట్టాడు.

"ఓ ఓ! గీడనే. ఒత్తు!"

ఒత్తింది. సాయిలు పేరు వచ్చిందని వరుసలో చదువొచ్చిన ఒకాయన చెప్పాడు. ఆ పేరు కింద ఆకుపచ్చ మీట, ఎర్ర మీట.

"పచ్చది బిడ్డా. కిందికి దించు. ఒత్తు."

పదకొండు నిమిషాల్లో అయిపోయింది. ఇటువంటిది గుండ్లకుంట చరిత్రలో లేదు. రెండో తెర మీద ఒక వాక్యం వచ్చింది, వరుసలోని ఆయన గట్టిగా చదివాడు: 'దయచేసి తెర మీద కనబడే పెట్టెలో నిర్ధారించండి. అరవై సెకన్లు.'

"పెట్టె ఏదీ?" అంది హసీనా. ఆమె తెర మీద మబ్బులే.

"ఈడ గూడ లేదు," అంది గుర్వమ్మ.

అప్పుడు గోడ దగ్గర అట్టపెట్టెలోంచి టింగుమని వినబడింది.

ఆఫీసంతా అటు తిరిగింది. పెట్టె సందుల్లోంచి నీలం వెలుగు సన్నగా కారుతోంది. కంప్యూటర్ తన వంతు న్యాయం చేసింది, కొత్తగా వచ్చిన తెరకు మొదటి గౌరవం ఇచ్చింది.

హసీనా వేలు ఎంటర్ మీట మీదికి పోయి ఆగింది. కనబడకుండా నొక్కితే అవును మీద పడొచ్చు, రద్దు మీద పడొచ్చు. ఇది గుర్వమ్మ చేను. తాను జూదమాడటానికి లేదు.

"రాములు అన్నా, ఆ పెట్టె విప్పు!"

రాములు పెట్టెకు అడ్డంగా చేతులు చాపాడు. "అక్కా, నన్ను సంపుతరు. రిబ్బన్ ఉన్నది. అతిథి రావాలె."

"ఎవరా అతిథి?"

"ఇంక ఖాయం కాలే."

"జరుగు," అంది గుర్వమ్మ. సంచిలోంచి కొడవలి తీసింది.

రాములు జరిగాడు. (జరగడానికి గల కారణం విచారణలో 'ప్రాణభయం' అని రాయించాడు.) గుర్వమ్మ రిబ్బన్‌ను ఒక్క కోత కోసింది. తర్వాత అట్టను గడ్డి కోసినంత సులువుగా నాలుగు దిక్కులా కోసి, ముక్కను కింద పారేసింది. మంచమంత తెర భగ్గున వెలిగింది. ఎర్ర రిబ్బన్ తెగడం చూసిన అలవాటుకొద్దీ కురుమయ్య చప్పట్లు కొట్టాడు. వరుసంతా కొట్టింది. రాములు కూడా రెండు కొట్టి ఆపాడు.

"వలపటికి బిడ్డా!" గుర్వమ్మ కొడవలితోనే చూపించింది. "వలపటికి... వలపటికి... ఇంక జర... ఓ ఓ ఓ! ఒత్తు!"

హసీనా ఒత్తింది.

గోడంత అక్షరాలు వచ్చాయి. ఈసారి మెడ తిప్పితే హసీనాకు కూడా కనబడ్డాయి. 'విరాసత్ పూర్తయినది. పట్టాదారు: గుర్వమ్మ.'

ఆమె గట్టిగా చదివింది. గుర్వమ్మ మళ్లీ చదవమంది. మళ్లీ చదివింది. గుర్వమ్మ కొడవలిని కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.

మర్నాడే ఆ విరాసత్ నిలుపుదలలో పడింది. కారణం సుస్పష్టం. ప్రారంభం కాని తెర చట్టం దృష్టిలో లేనట్టే. లేని తెర మీద కనబడిన నిర్ధారణ కనబడనట్టే. కనబడని దాన్ని ఒత్తడం అక్రమం. హసీనాకు మెమో వచ్చింది. గుర్వమ్మ మీద కేసు పెట్టాలా, అతిథిగా నమోదు చేయాలా అన్నది తేలక ఫైలు రెండు సెక్షన్ల మధ్య తిరిగింది. ప్రారంభోత్సవ శిలాఫలకం మీద అతిథి పేరు ఖాళీగా ఉంచి చెక్కిన శిల్పి, ఆ ఖాళీ నింపుతారా లేదా అని రెండుసార్లు ఫోన్ చేశాడు.

తొమ్మిదో రోజున నవీన్ విచారణకు వచ్చాడు. గుర్వమ్మను పిలిపించారు. ఆమె కాళ్లకు ఎండిన మట్టి ఉంది. తడి మట్టి కాదని హసీనా గమనించింది. కురుమయ్య నీళ్లు ఆగి ఐదు రోజులైంది.

"అమ్మా," అన్నాడు నవీన్ కాగితం మీద కలం పెట్టి, "ఆ రోజు మీకు ఏ తెర కనబడింది? ఒకటా, రెండా, మూడా?"

"తెర నాకేం కనబడ్డది సారూ," అంది గుర్వమ్మ. "నాకు నా చేను కనబడ్డది."

"అంటే తెర కనబడలేదా?"

"చేను కనబడ్డదంటున్న గదా."

"తెర సంగతి చెప్పండి."

"కనబడలే."

నవీన్ తల ఊపి రాసుకున్నాడు. హసీనా ఏదో చెప్పబోయి లేచింది. కెమెరా చప్పుడు చేసింది. కూర్చుంది. అయినా కూర్చునే చెప్పింది: "సార్, ఆమె పల్లి ఎండుతాంది. గది రాయుండ్రి."

"అది ఏ కాలమ్‌లో వస్తుంది మేడమ్?" అన్నాడు నవీన్, నిజంగానే తెలుసుకుందామని. హసీనా నమూనా కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూసింది. అటువంటి కాలమ్ లేదు.

నివేదిక వారంలోనే వచ్చింది. మూడో తెరకు కొత్త అట్టపెట్టె, కొత్త రిబ్బన్ మంజూరయ్యాయి. అతిథి తేదీ ఖాయమై, ప్రారంభోత్సవం జరిగిన పిమ్మట సదరు నిర్ధారణను మళ్లీ మొదట్నుంచి చేసుకోవచ్చునని వెసులుబాటు ఇచ్చారు. అంతవరకు కరెంటు స్తంభాలను ఉన్నచోటే భద్రపరచవలసిన బాధ్యత దరఖాస్తుదారుదే. తెర కనబడటం లేదని స్వయంగా అంగీకరించినందున, ఆమెను మార్చి నెలలో జరిగే ఉచిత కంటి శిబిరానికి సిఫార్సు చేశారు.

పల్లి చేను విషయం ఏ తెర మీదా తెరుచుకోలేదు గనుక నివేదికలో ప్రస్తావనకు రాలేదు.